ఆయన మీకు ఏమవుతారు?

హలో… ఆ, నేనేనమ్మా. పుంగనూరు ప్రమీలమ్మనే.

ఎవురు?… సుష్మనా. కుప్పం ఆఫీసేనా? అమ్మయ్య. పొద్దున్నించి నాలుగు తూర్లు చేస్తి. మూడు తూర్లు మీ ఫోను పాట పాడె, నాలుగో తూరి అదీ పాడలేదు.

రవంత గట్టిగా మాట్లాడమ్మా. అంగట్లో ఉండాను. మా ఇంటాయన తవుడు మూటలు దించతాండాడు… ఆ, పశువుల దాణా అంగడి. పగ్గాలు, మెడ గంటలు, అన్నీ పెడతాము. మీ ఇంట్లో ఆవుంటే చెప్పు, మంచి గంట ఇప్పిస్తా.

లేదా. సరే, కొన్నాక చెప్పు.

నంబరా? నోటికి వచ్చు. ఏడు, నాలుగు, సున్నా, రెండు… ఆ, మీ 'అందరి కాలేజీ' ట్రస్టులోనే. కంప్యూటర్లో ఉచితంగా కాలేజీ చదువు చెప్తారే, ఆ చదువే. తర్కం పేపరు… లాజిక్కు, అదే. రేపు ఆదివారం పది గంటలకు పరీక్ష.

అందుకే చేస్తి. నిన్న నెట్ సెంటర్లో చూస్తే మీ దగ్గరనించి ఉత్తరం వచ్చిండె. "మీరు పేరిచ్చిన ఇన్విజిలేటరును తిరస్కరించడమైనది. కారణం: బంధువు." అంతే. కింద సంతకం కూడా లేదు.

బంధువు ఎవురమ్మా?

…బైరప్ప మాస్టరా? ఆయన నాకు బంధువని నీకు ఎవురు చెప్పిరి?

నేనా? నేను యాడ చెప్పితి?

…ఓ.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు. ఆయన బయట బల్ల మీద కూర్చోనుండె. "మామా, నీకే ఫోను, ఇట్లా రా" అని పిలిస్తి. నిజమే… అది నీకు వినపడె. నువ్వు ఫారంలో 'మామ' అని రాసుకుంటివి.

లేదు లేదు, నిన్ను చూసి కాదు. నవ్వొస్తాండాది, ఏం చేసేది.

నియమం నాకు తెలుసమ్మా. పరీక్ష రాసేవాళ్ళ పక్కన ఒకరు కూర్చోవల్ల. చదువుకున్న మనిషి కావల్ల, ఊర్లో మర్యాద ఉండల్ల, రక్తసంబంధం, పెండ్లిసంబంధం ఏదీ ఉండకూడదు. మంచి నియమమే. లేకుంటే నేను మా ఇంటాయన్నే కూర్చోబెట్టుకుందును. ఆయన రెండో ప్రశ్నకే గురక పెట్టును.

…వినపడినట్టుండాది. మూట దించి ఇట్లా చూస్తాండాడు.

సరే, ఒక మాట అడుగుతా. మీ ఆఫీసు ముందర టీ అంగడి ఉండాదా?… ఉండాది గదా. ఆయన్ని ఏమని పిలుస్తావు?… అన్నా అనా. సొంత అన్నేనా?… కాదా. అయితే మీ నాయన ఆస్తిలో ఆయనకి భాగం ఇవ్వరా? పాపం.

ఇంగొకటి. ఫోను చేసినప్పటినించి నన్ను ఏమంటాండావు?… ఆ. ఆంటీ. ఎనిమిది తూర్లు అంటివి. ఆంటీ అంటే బంధువే గదా. అయితే నా కాగితాలు నువ్వు ముట్టకూడదు. నువ్వు లేచి ఇంగొకరిని కూర్చోబెట్టు.

నేనేమో నిన్ను అమ్మా అంటాండా. నాకు నలభై ఆరు. నీకెన్ని?… ఇరవై మూడు. నువ్వు నాకు అమ్మవు యా లెక్కన అవుతావు?

నవ్వు, నవ్వు. మీ మూడో పాఠమే ఇది. ఒకే మాటకి రెండు అర్థాలుంటే, ఒక అర్థాన్ని చూపించి ఇంగో అర్థం మీద తీర్పు చెప్పకూడదంట. మీ అయ్యవారే చెప్పినాడు. నువ్వు చదవలేదా?… ఓ, నువ్వు కామర్సా. చదువు తల్లీ, ఉచితమే గదా.

—

వేరే ఎవుర్నైనానా? ఎవుర్ని ఇమ్మంటావు? ఈ ఊర్లో నేను వరస పెట్టి పిలవని మనిషిని నువ్వే వెదికి పెట్టు. పోస్టాఫీసులో వెంకటముని, అన్న. బ్యాంకులో స్వర్ణలత, నన్ను వదినా అంటాది. పశువుల డాక్టరు, బాబాయి… ఎస్సైనా? ఆయన్ని సారే అంటా. ఆయన పక్కన నిలబడితే నాకు చెయ్యి ఆడదమ్మా. చేయని తప్పులన్నీ రాసేస్తా.

అయినా కొత్త పేరు ఇస్తే మీరు విచారించేదానికి రెండు దినాలు పడతాదని మీ ఉత్తరంలోనే ఉండాది. పరీక్ష రేపు.

తప్పితే ఏమవుతాదా?… నువ్వే చెప్పల్ల అది. నాకు తెలిసింది, మళ్ళీ ఆరు నెలలు ఆగల్ల, మొదటి పాఠంనించి మొదలు పెట్టల్ల. ఈ ఒక్క పేపరు పాసైతేనే గదా డిగ్రీలో చేర్చుకునేది.

ఆ, చేరల్లనే ఉండాది. ఉండబట్టే గదా ఇంత మాట్లాడతాండా.

ఎట్లా చదివితినా? పొద్దున ఆవుకి నీళ్ళు పెట్టి, దేవుడికి దీపం పెట్టి, ఈయనకి సంగటి పెట్టి, పదకొండుకి నెట్ సెంటరు. సాయికుమార్ అని ఒకాయన నడుపుతాడు. పాఠం కాగితాల మీద తీసిస్తాడు. ఇంగ్లీషులో ఉండేది డిక్షనరీ పెట్టుకోని చదివేది. అర్థం కానిది మామ దగ్గరికి… బైరప్ప మాస్టరు దగ్గరికి తీసుకోని పోయేది.

ఏం, అది తప్పా?… అడగచ్చు గదా? పరీక్షలో చెప్పకూడదు, అంతే గదా. భయపెట్టేస్తివి.

ఆయన జవాబు చెప్తాడనుకుంటివా? ఎప్పుడూ చెప్పడు. "నువ్వేమనుకుంటాండావు?" అంటాడు. అంతే. నేను అనుకునేదాకా కదలడు. ఒకోసారి ఈయనకి సంగటి ఆలస్యమవుతాది.

బాగానే ఉండాది చదువు. ఒక్కచోట మాత్రం నాకు మీ అయ్యవారితో కుదరలేదు. అయిదో పాఠంలో, కోడి కూస్తే తెల్లారతాది గానీ కోడి కూసినందుకు తెల్లారదు అన్నాడు. సరే, ఒప్పుకుంటి. నేను రోజూ దీపం పెడతా, రోజూ తెల్లారతాది. నేను పెట్టినందుకు తెల్లారలేదు. అదీ ఒప్పుకుంటి. అయినా పెట్టని దినం నాకు తెల్లారినట్టు ఉండదే. దీన్ని తప్పు వాదన అంటారా, అసలు వాదనే కాదంటారా? ఆ ప్రశ్న రాసి పంపిస్తి. నెలయింది. జవాబు లేదు.

…నువ్వేమనుకుంటాండావు?

సూస్తివా, నాకూ ఆయన అలవాటే వచ్చింది.

—

సరే, అసలు మాటకి వస్తా. బైరప్ప మాస్టరు నాకు బంధువు కాదమ్మా. ఆయన మెడలో లింగం. మా ఇంటి గడప మీద నామం. మా రెండిండ్లకి పెండ్లిసంబంధం ఏనాడూ లేదు, ఉండదు. మా ఇంట్లో చావుకి ఆయనకి మైల లేదు, ఆయన ఇంట్లో పురుడికి నాకు లేదు. ఇంతకంటే ఏం రుజువు కావల్ల?

మామా అని యాల అంటానంటే, మా అమ్మ ఆయన్ని అన్నా అనేది. అమ్మకి అన్న, నాకు మామ. మా ఇంటాయన పెదనాయనా అంటాడు. ఇప్పుడు వీధిలో పిల్లకాయలు తాతా అంటాండారు. ఒకే మనిషి.

మనిషి ఎట్లాంటి వాడా? రిటైరు హెడ్ మాస్టరు. ముప్పై ఆరేండ్లు పరీక్షల్లో కాపలా కాసినాడు. సొంత కొడుకు పక్క పేపర్లోకి తొంగి చూసినాడని హాల్లోనించి లేపి బయటికి పంపినాడు. ఆ కొడుకు ఇప్పుడు కలకడలో అయ్యవారు. వాడూ అట్లే ఉండాడంట. కాబట్టి బంధువైనా నీకు భయం లేదు. కాడు గానీ, అయినా.

ఇంగో సంగతి చెప్తా. ఆయనకి ఇంకా తెలీదు, మీరు వద్దన్నారని. ఎట్లా చెప్పేది? నిన్ననే పంచ ఇస్త్రీకి ఇచ్చినాడు రేపటికి. రెండేండ్లుగా నిలబడిపోయిన చేతి గడియారం బాగు చేయించుకోని వచ్చినాడు. ఇప్పుడూ బయట బల్ల మీదనే ఉండాడు. పది నిముషాలకొకసారి ఆ గడియారం చెవి దగ్గర పెట్టుకోని వింటాండాడు. "పరీక్ష మూడు గంటలే గదా ప్రమీలా, ఎక్కువ తక్కువ కాకూడదు" అంటాండాడు.

…ఆ. మార్చేదానికవుతాదా?

అవుతాదా. చల్లగుండు తల్లీ. సూడు, మళ్ళీ తల్లీ అంటి.

అయిదు లోపలనా. ఇప్పుడు మా అంగట్లో నాలుగూ ముప్పావు. ఏం చేయల్ల చెప్పు… ఏమీ రాసి పంపాల్సిన పని లేదా. నా నోటితో చెప్తే చాలా. ఫోను రికార్డవుతాదా? అయితే రవంత గొంతు సవరించుకుంటా.

అడుగు.

…

ఏమంటివి? ఇంగొకసారి అను.

"ఆయన మీకు ఏమవుతారు?"

…ఆ మాటేనా? ఫారంలో ఆ మాటే ఉండాదా?

…

ఉండానమ్మా. కట్ కాలేదు. లైన్లోనే ఉండా.

కావలసినాయన అని రాసుకో… అంటే బంధువనే అర్థం వస్తాదా. వస్తాదిలే, నిజమే.

ఊరాయన అని?… ఆ గడి లేదా. ఎన్ని గడులుండాయి?… రెండేనా. 'బంధువు', లేకుంటే 'ఏమీ కారు'. మధ్యలో ఏం లేదా?

మనుషుల్ని రెండు గడుల్లో పెట్టేసినారే. మా గొడ్ల కొట్టంలోనే నాలుగుండాయి.

తెలుసమ్మా. తెలుసు. 'ఏమీ కారు' అంటే చాలు, పని అయిపోతాది. నాకు తెలీకనా… మీ పాఠం ప్రకారం అది నిజమే. రక్తం లేదు, పెండ్లి లేదు. నిజమైన మాట నోట్లో అబద్ధం మాదిరి యాల ఉండాదో, అది యా పాఠంలో చెప్తారు?

ఈ దినం శనివారం గూడా. ఒక్కపొద్దులో ఉండాను. రాత్రికి ఇంత ఫలహారం తప్ప ఏం లేదు. ఈ నోటితో 'ఏమీ కాడు' అని…

తొందర తెలుసు. ఒక్క నిముషం వినమ్మా. రికార్డు అయితే కానీ.

నేను పదో తరగతి పాసైన ఏడు. డెబ్బై తొమ్మిది. ఫస్టు క్లాసు. నాయన సంబంధం చూసేసినాడు, ఈయన్నే. బైరప్ప మాస్టరు మదనపల్లె కాలేజీ దరఖాస్తు తెప్పించి, అంతా ఆయనే నింపి, మా ఇంటికి వచ్చినాడు. నాయన సంతకం ఒక్కటే తక్కువ. వాకిట్లో నిలబడి చెప్పినాడు, పిల్ల బాగా చదువుతాది, రెండేండ్లు ఆగండప్పా అని.

నాయన కోపంగా కూడా అనలేదు. మామూలుగానే అడిగె. "అయ్యవారూ, మా పిల్లకి నువ్వు ఏమవుతావని వచ్చినావు?"

…ఆ. ఆ మాటే.

ఆయన ఏం చెప్తాడు? ఏమీ చెప్పలేదు. చెప్పేదానికి ఏముండాది? నేను తలుపు సందులోనించి చూస్తాండా. దరఖాస్తు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొనె. అమ్మ మజ్జిగ ఇచ్చె. తాగి, చెంబు కింద పెట్టి పోయె.

మరుసటి దినం అమ్మ, నేను కొళాయి కాడ ఉంటే ఆయన బడికి పోతాండె. అమ్మ బిందె దించి, "అన్నా, బాగుండావా" అనె. అంతవరకూ అయ్యవారూ అనే మనిషి. వీధిలో అందరూ తిరిగి చూసిరి.

…యాల అంటే? అమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంగొకసారి ఎవురైనా ఏమవుతావని అడిగితే, ఆయన దగ్గర ఒక మాట ఉండల్ల గదా. అందుకేమో అని నేను అనుకుంటా. వాదన సరిగ్గా ఉండాదో లేదో నాకు తెలీదు.

ఆ పొద్దునించి నాకు మామ.

ముప్పై ఏండ్లకి ఇప్పుడు నువ్వు అడుగుతాండావు. ఇప్పుడేమో మాట ఉంటే చదువు లేదు అంటాండావు.

…

అయ్యో, నువ్వేం చేస్తావు తల్లీ. నీ మీద కాదు. నువ్వు గడి నింపల్ల, నేను పరీక్ష రాయల్ల. ఎంతయింది?… ఎనిమిది నిముషాలా.

ఉండు. ఆయన్ని అడగకుండా నేను అనను. ఫోను పట్టుకోనుండు.

మామా…

…ఆ, వింటివా, మళ్ళీ అంటి. నువ్వు రెండు నిముషాలు చెవులు మూసుకో.

మామా, కుప్పంనించి ఫోను. నువ్వు కూర్చునేదానికి కుదరదంట, మామవి కాబట్టి… ఊఁ… లేదు, కుదురుతాదంట, నువ్వు నాకు ఏమవుతావని అడుగుతాండారు. ఏమీ కావు అని చెప్తే కుదురుతాదంట… ఆ మాటే. నాయన అడిగిన మాటే… గడియారం పక్కన పెట్టు మామా, నేను చెప్పేది విను… విన్నావా. అయితే ఏమంటావు?… నేనేమనుకుంటాండానా? నేను అనుకునేదానికి టైం లేదు, నువ్వు చెప్పు ఈ ఒక్కసారి.

…

…

హలో, సుష్మమ్మా. ఉండావా?

ఆయన ముందు నవ్వినాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. మా ఇంటాయన నీళ్ళు ఇచ్చినాడు. ఇప్పుడు ఏమంటాండాడంటే… "మీ నాయన అడిగినప్పుడు నేను రాసిన జవాబు అదే గదా ప్రమీలా, ఖాళీ పేపరు. అప్పుడు సున్నా వేసినారు. అదే జవాబుకి ఇప్పుడు ఎన్ని మార్కులు వేస్తారో అడుగు" అంటాండాడు.

అదేనమ్మా ఆయన మాట. చెప్పమన్నాడు, చెప్తాండా. రాసుకో. రికార్డు అవుతాండాదా?

బైరప్ప మాస్టరు నాకు… ఏమీ కాడు.

…

వినపడిందా? ఇంగొకసారి అనమంటే అననమ్మా. ఒక తూరే.

సుష్మా… ఆ టకటక చప్పుడు నీ కంప్యూటరేనా?

…గడి నింపేసినావా. వచ్చిందా, 'ఆమోదించడమైనది' అని? అట్లే కనపడతాండాదా?… నాలుగూ యాభై ఆరు. నాలుగు నిముషాలు మిగిలె. ఏడుకొండలవాడా.

ఆ, రేపు పది గంటలకి. బడి కంప్యూటర్ రూములో. పాస్‌వర్డు ఆయనకే పంపిస్తారా… సరే. కుంకుమ పొట్లం ఒకటి దగ్గర పెట్టుకోవచ్చునా?… విప్పి చూపిస్తాలే, లోపల చీటీలేమీ ఉండవు. ఆయన ఎట్లాగూ విప్పి చూస్తాడు.

మార్కులా? అవునవును, ఆయన అడిగినాడే, ఎన్ని వేస్తారని. ఏం చెప్పమంటావు?

…పూర్తి మార్కులా. నూటికి నూరు. చెప్తా.

ఏమంటివి, ఏమంటివి? ఇంగొకసారి అను.

…"తాతకి చెప్పండాంటీ" అంటివా.

తాత అంటివి సుష్మా. రికార్డు అయింది. ఇంగ నీకూ బంధువే ఆయన.

మాట్లాడద్దు. అయిదయ్యేలోపల నువ్వు ఫోను పెట్టేయ్ ముందు.

మామా, నూటికి నూరంట…